పద్నాలుగో నంబరు జాలీ

రేకులు నొక్కే ఆ ఫ్యాక్టరీలో చిన్నాపెద్దా అందరికీ ఆమె మూడువేళ్ళ పిన్ని. పంతొమ్మిదేళ్ళ కిందట ప్రెస్సు ఆమె కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుంది. అప్పటినుంచి ఆమెకు రెండు పనులు: రోజూ ఊడవడం, ఏడాదికోసారి వేదిక ఎక్కడం. కార్మికుల పక్షాన నిలిచిన నాయకులను యూనియన్ సన్మానించే రోజున, జ్ఞాపికను ఆ చేతే అందించాలి. ఫోటోలో బాగా పడుతుంది మరి.

ఈసారి సన్మానం, ప్రతి ప్రెస్సుకూ ఇనప జాలీ ఉండాలని చట్టం తెచ్చిన నాయకుడికి. జాలీ అడ్డం ఉంటే చెయ్యి లోపలికి పోదు. పిన్ని కూతురు ఆర్నెల్లుగా పద్నాలుగో నంబరు ప్రెస్సు మీద ఉంది. దానికి జాలీ లేదు. మరమ్మతుకు వెళ్ళిందన్నారు.

సభకు ముందు జ్ఞాపిక కోసం వేదిక వెనక గదిలోకి వెళ్ళిన పిన్నికి, మడత కుర్చీల చాటున జాలీలు కనిపించాయి. ముప్పై. ఒక్కోదానిమీద తెల్లరంగుతో నంబరు. కంచే చేను మేసిందన్నమాట.

వెనకే వచ్చిన యూనియన్ కార్యదర్శి తలుపు దగ్గరగా వేశాడు.

"అరవకు పిన్నీ. ఇవుంటే పూటకి రెండొందల రేకులు తగ్గుతున్నాయి. తీసెయ్యమని మనోళ్ళే నా ప్రాణం తీశారు. తనిఖీకి వచ్చే ముందురోజు బిగిస్తున్నాంగా!"

"ఆ పెద్దమనిషికి చెప్పేస్తాను బాబూ."

"చెప్పు. రేపు అందరూ నీ మీదే పడతారు. అదేం వద్దుగానీ, పద్నాలుగోది పట్టుకుపో. నేను చూళ్ళేదు."

వేదిక మీద నాయకుడు ఆమె చేతిని పైకెత్తి మైకు ముందుకు జరిపాడు. "ఇప్పుడు జాలీలున్నాయి కదమ్మా?"

"ఉన్నాయండీ," అంది పిన్ని. అబద్ధమేం కాదు, పదడుగుల దూరంలోనే ఉన్నాయి. చప్పట్లు మోగాయి. పదమూడు మీదా పదిహేను మీదా పనిచేసే పిల్లలు కూడా కొట్టారు.

మర్నాడు గంట మోగకముందే వెళ్ళి జాలీ బిగించింది. మూడు వేళ్ళతో నాలుగు బోల్టులు, అరగంట పట్టింది.

కూతురు వచ్చి చూసి గతుక్కుమంది. "ఎవరమ్మా బిగించింది?"

"నేనే."

"నీకేమన్నా మతిపోయిందా? పక్కవాళ్ళు కుప్పలు పోస్తుంటే నేను గోళ్ళు గిల్లుకుంటూ కూచోనా? లెక్క తగ్గితే సోమవారానికల్లా ఇక్కడ ఇంకొకత్తి ఉంటుంది."

"నా చెయ్యి చూడవే."

"ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. జాగ్రత్తగానే ఉంటాలే, జరుగు."

జేబులోంచి సొంత పానా తీసింది. పది వేళ్ళకు నాలుగు బోల్టులు ఎంతసేపు?

ఊడిన జాలీని మళ్ళీ కుర్చీల వెనక పెట్టి రమ్మని పిన్నికే చెప్పారు. పెట్టి వచ్చి చీపురు అందుకుంది. ముప్పై ప్రెస్సుల మోతలో పద్నాలుగోదాని దెబ్బను ఆమె విడిగా పోల్చుకోగలదు. దాన్నే వింటూ, అది ఆగకూడదనుకుంటూ, సాయంత్రందాకా ఆ చుట్టుపక్కలే ఊడ్చింది.