గేటు దాటిన నిచ్చెన

మా వీధి మొదట్లో హోటలు నడిపే అయ్యరు ఇడ్లీకి రెండోసారి చట్నీ వేయడం మానేశాడు. ఎందుకయ్యా అంటే యుద్ధం అన్నాడు. జర్మనీవాడికీ మా చట్నీకీ వైరం ఎక్కడ మొదలైందో నాకు తెలియదు. నంద్యాలలో ఏది దొరక్కపోయినా ఇప్పుడు ఇదే జవాబు. నేను పాఠాలు చెప్పే బడిలో సుద్దముక్కలు లేవు, యుద్ధం. బజారులో ఇంగ్లండు సైకిళ్లు లేవు, యుద్ధం. వాటికి బదులు నీళ్ల పైపులు కోసి, మూలలు అతికి, పైన నల్లరంగు పూసిన ఒక వస్తువును చూపించి దుకాణంవాడు సైకిలన్నాడు. నేను వాదించలేదు. రెండు చక్రాలు ఉన్నాయి కదా అని కొన్నాను.

అది నాకోసం కాదు, దోర్నాలలో ఉన్న మా ఓబులేసు బావకు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. దోర్నాల చుట్టుపక్కల గొర్రెల దొడ్లకూ, గొడ్ల మందలకూ తిరిగి టీకాలు వేయడం ఆయన ఉద్యోగం. వెనక ఒకసారి, టీకా పట్ల అంత ఉత్సాహం లేని ఒక ఎద్దు ఆయన నడుం మీద తన్నింది. అప్పటినుంచి మామూలు సైకిలు మీద కూర్చోలేడు. ఆయన కూర్చోగలిగిన సైకిలు లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని అడవి గేటు దగ్గర ఫారెస్టువాళ్లు పట్టుకున్నారని అక్క కబురు చేసింది. బావ నడిచి తిరుగుతున్నాడు, రోజుకు ఒక దొడ్డి కూడా పూర్తి కావడం లేదు. వానలు పడేలోగా టీకాలు అన్నీ వేయకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని డాక్టరు చెప్పేశాడు. పట్టుకున్న సైకిలు విడిపించాలి, కుదరకపోతే వేరే సైకిలు ఇచ్చి రావాలి. నా ప్రయాణం ఇందుకు.

పొద్దున ఆరున్నరకు నంద్యాలలో రైలెక్కాను. నేను మూడో తరగతిలో, సైకిలు గార్డు పెట్టెలో. ఈ దారిన వెళ్లబోయేవారికి ఒక మాట: చెలమ ముందు సొరంగం వస్తుంది, కిటికీ తలుపు దించండి. నేను దించలేదు. గిద్దలూరులో దిగి మొహం కడుక్కుంటుంటే కుళాయి దగ్గర ఉన్నాయన నన్ను బొగ్గు పోసేవాడనుకుని, ఇంజను ఎంతసేపు ఆగుతుందని అడిగాడు.

గిద్దలూరులోనే ఒక ముసలమ్మ కందుల మూటతో ఎక్కి నా ఎదుట కూర్చుంది.

"యాడికి నాయనా?"

"దోర్నాలకమ్మా."

"శ్రీశైలం పోతాండావా? పుణ్యాత్ముడివి."

"స్వామి దగ్గరికి కాదు. ఫారెస్టు ఆఫీసుకు."

ఆమె నావైపు జాలిగా చూసింది. "అయితే ఆడ దండాలు ఇంకా ఎక్కువ పెట్టాల" అని, మూట విప్పి నాకు ఒక బెల్లం ముక్క ఇచ్చింది.

కంభం, తర్లుపాడు దాటి పదకొండు కావస్తుండగా మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగాను. ఈ పేరులో 'రోడ్డు' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. రైలువాళ్లు మనల్ని రోడ్డు దాకా తెచ్చి వదిలేస్తారు, మార్కాపురం ఇంకో ఆరు మైళ్లు. ఊళ్లోకి పోయే బస్సు రైలు కోసం ఆగే అలవాటు మానుకుంది. కారణం చెప్పనక్కర్లేదు.

ప్లాట్‌ఫారం మీద పలకల పెట్టెలు కాపలా కాస్తూ ఒక పలకల వ్యాపారి కూర్చుని ఉన్నాడు. నా సైకిలు దగ్గరికి వచ్చి ఫ్రేమును వేళ్ల కణుపులతో ఒకసారి కొట్టాడు.

"పలకనైతే ఇట్ల కొడితే కంచు మోగినట్ల మోగాల. ఇదేంది సామీ, గుమ్మడికాయను కొట్టినట్లుండాది?"

"గుమ్మడికాయ ఇంత బరువుండదు" అన్నాను.

"దీన్ని తొక్కుకుంటా పోతావా, ఈ ఎండలో?"

"పోతాను."

"ఏం తప్పు చేసినావు?"

ఆ ఆరు మైళ్ల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా కథ దానిమీద నడుస్తుంది. కాలేజీలో నా గదిలో ఉండే మిత్రుడికి ఇంగ్లండు సైకిలు ఉండేది. దాని గొట్టాలు పలచటి ఉక్కు రేకుతో చేసినవి, ఎత్తితే ఒంటిచేత్తో లేచేది. గుంటలో పడితే ఫ్రేము పిసరంత లొంగి, మళ్లీ సర్దుకునేది. దెబ్బలో సగం అది తిని, మిగిలిన సగం మనకిచ్చేది. పైపు సైకిలుకు ఆ మొహమాటం లేదు. గొట్టం దళసరి, లొంగదు. దారిలో ఉన్న ప్రతి కంకరరాయినీ చక్రం దగ్గర తీసుకుని, ఏమీ తగ్గించకుండా, మణికట్టుకు ఒకటి, మోచేతికి ఒకటి, నడుముకు ఒకటి చొప్పున అప్పగిస్తుంది. నాలుగో మైలు దగ్గర నా దవడపళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. అంత బరువు కదా, గట్టిగానైనా ఉంటుందనుకుంటే, దిగి చూసేసరికి సీటు కింది అతుకులో వెంట్రుకంత చీలిక. ఏ దెబ్బా తగలని నా నడుము గతే ఇలా ఉంటే, ఎద్దు తన్నిన నడుముకు నేను ఏం మోసుకుపోతున్నానో అప్పుడు అర్థమైంది. అయినా తొక్కాను. తిరిగి స్టేషనుకు పోయినా అదే రోడ్డు.

మార్కాపురంలో భోజనం బాగుంది. గోంగూర అడక్కుండానే రెండోసారి వేశారు. ఆ హోటలువాడికి యుద్ధం సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. దోర్నాల బస్సు రెండింటికని బోర్డు మీద ఉంది, సైకిలును పైకెక్కించి కూర్చుంటే మూడున్నరకు కదిలింది. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు. వెనక పొయ్యి ఉంటుంది కాబట్టి వెనక సీటు ఖాళీగా కనబడుతుంది, మోసపోకండి. ఎత్తు ఎక్కే పెద్ద చడవు వస్తే మగవాళ్లందరూ దిగి తోయాలి. టికెట్టు ధర మాత్రం తోసేవారికీ తోయనివారికీ ఒకటే.

దీపాలు పెట్టే వేళకు దోర్నాల చేరాను. బావ వాకిట్లో మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు, అక్క ఆయన నడుముకు ఆముదం మర్దనా చేస్తోంది. నన్ను చూసి లేవబోయి, మంచం కోడు పట్టుకుని సగంలో ఆగిపోయాడు.

"వచ్చినావా బామ్మర్దీ. నాయన నిచ్చెన పోయింది చూడు" అన్నాడు.

నిచ్చెనేమిటంటే, అదే ఆయన సైకిలు. బావ వాళ్ల నాయన కాలంనాటి వెదురు నిచ్చెన ఒకటి ఇంట్లో అటక ఎక్కడానికి ఉండేది. ఏళ్ల తరబడి పొగచూరి రాగిరంగు తిరిగింది. ఇనుప సైకిలు మీద ఇక కూర్చోలేనని తెలిశాక, ఊళ్లో బుట్టలల్లే గురవయ్యతో కలిసి బావ ఆ నిచ్చెన కోయించాడు. పాత సైకిలు మూలల్లో ఉండే ఇనుప బుడిపెలు ఉంచి, గొట్టాల స్థానంలో వెదురు దిగ్గొట్టి, తడితోలు చుట్టి ఎండబెట్టాడు. తోలు ఎండి బిగుసుకుంది. ఊరంతా నవ్విందట. తరవాత ఊరంతా ఒకసారి ఎక్కి చూసి నవ్వడం మానేసిందట.

"నడుముకు సుఖంగా ఉండాదంటే నమ్మవు. రాయి మీద పోతాంటే ఊగుతాది గానీ కొట్టదు. రెండు నెల్లు తొక్కినా. గేటు కాడ గార్డులే, 'మాకూ ఒకటి చేయించు అన్నా' అని నవ్వేవాళ్లు. కొత్త ఫారెస్టరు వచ్చినాడు, ఆపినాడు, పర్మిట్ ఏదన్నాడు. సైకిలుకు పర్మిట్ ఏంది సార్ అన్నా. సైకిలుకు గాదు, వెదురుకన్నాడు."

"ఇంట్లో నిచ్చెన అని చెప్పలేదా?"

"చెప్పినా. గోడకు ఆనుకోనుంటే నిచ్చెన, గేటు దాటితే వెదురు అన్నాడు."

నాకు ఆ రాత్రి కోపంతో నిద్రపట్టలేదు. బావ నడుం నొప్పితో నిద్రపోలేదు. అక్క మా ఇద్దరినీ చూసి, ఒకరైనా పడుకుంటే బాగుండునంది.

మర్నాడు తొమ్మిదింటికి ఫారెస్టు ఆఫీసుకు వెళ్లాం. ఫారెస్టరు లేడు. పావుగంటకు శ్రీశైలం దారి వైపు నుంచి వచ్చాడు. వచ్చింది మా బావ నిచ్చెన మీదే. ఖాకీ నిక్కరు, తలమీద టోపీ, పెదవి మీద ఈల. ఆవరణలో పరిచిన గులకరాళ్ల మీద ఏమాత్రం కుదుపు లేకుండా తేలుతూ వచ్చి మా ముందు దిగాడు.

బావ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను పెట్టలేదు.

ఫారెస్టరు చాలా మర్యాదస్తుడు. అదే నన్ను ఎక్కువ మండించింది. కోస్తావాడు, బి.ఏ. చదివాడు. నేనూ గుంటూరు కాలేజీయేనని తెలిసి, "అయితే ఆ హాస్టలు సాంబారు మీరూ తాగారన్నమాట! కూర్చోండి మాస్టారూ" అని నాకు కుర్చీ వేయించాడు. బావకు వేయించలేదు. నేను కూర్చోలేదు.

"పట్టుకున్న సొత్తును మీరు తొక్కవచ్చునా?" అని అడిగాను.

"తొక్కాలండి. వేలం వేసేదాకా సొత్తు పాడవకుండా చూడటం నా బాధ్యత. వాడకుండా మూలన పెడితే వెదురుకు పురుగు పడుతుంది."

"ముప్పై ఏళ్లు మూలన ఉన్న నిచ్చెనకు పట్టని పురుగు ఇప్పుడు పడుతుందా?"

"పురుగు ఎప్పుడు పడుతుందో చెప్పలేమండి" అని నవ్వాడు. "ఏమాటకామాట, భలే సుఖమైన బండి మాస్టారూ. మా డిపార్టుమెంటు నాకిచ్చిన పైపు సైకిలు మీద పోయివస్తే రెండు రోజులు వంగలేను. మీరూ ఒకసారి ఎక్కి చూడండి."

ఎక్కకూడదు. ఎక్కాను. ఆ గులకరాళ్ల మీద, నిన్నటి ఆరు మైళ్లు ఇంకా ఒంట్లో ఉండగా, రెండు చుట్లు తిరిగాను. రాయి తగిలినప్పుడు శబ్దం చేరింది గాని దెబ్బ చేరలేదు. ఇంగ్లండు ఉక్కు దెబ్బను తగ్గిస్తుంది, ఇది మధ్యలోనే మింగేస్తోంది. మలుపు దగ్గర కొద్దిగా వెనకబడి, ఒక క్షణం ఆలోచించుకుని తిరుగుతుంది. చడవులో నొక్కి తొక్కితే కిర్రుమంటుంది. లోపాలు అంతే. ఆ రోజు వరకూ నాకున్న కోపం చట్టం మీద. రెండో చుట్టు పూర్తయ్యేసరికి అది మనిషి మీదికి మళ్లింది. ఇది ఎవరి నడుము కోసం పుట్టిందో తెలిసి, ఈల వేసుకుంటూ తొక్కుతున్నాడు కదా!

మూడో చుట్టులో ఆవరణ దాటి రోడ్డు మీదికి పోనిచ్చాను. ఊరివైపు దారి ఖాళీగా ఉంది. వెనక్కి చూస్తే బావ ఎండలో నిలబడి, వద్దని చెయ్యి ఊపుతున్నాడు. తిరిగి వచ్చాను.

తరవాత అరగంట వాదించాను. ఇంగ్లీషులో వాదించాను, తెలుగులో వాదించాను. చివరకు ఫారెస్టరు న్యాయం చేస్తానన్నాడు.

"ఇనుము మీది, వెదురు సర్కారుది. చక్రాలు, చైను, సీటు, హ్యాండిలు విప్పించి ఇచ్చేస్తాను. చట్టప్రకారం అవి కూడా ఉంచుకోవచ్చు, మీ మొహం చూసి ఇస్తున్నాను."

"చక్రాలు లేకపోతే మీరెలా తొక్కుతారు?"

"నా సైకిలు చక్రాలు ఉన్నాయి కదండీ. సర్కారు చక్రాలు సర్కారు వెదురుకు బిగిస్తాం."

"మూలల్లో ఇనుప బుడిపెలున్నాయి. ఇనుము మాదన్నారు, అవి కూడా ఇప్పించండి." అవి తీస్తే ఫ్రేము విడిపోతుందని నా ఆశ.

"అవి వెదురును అంటిపెట్టుకుని ఉన్నాయి మాస్టారూ. వేలం అయ్యాక దరఖాస్తు పెట్టుకోండి."

ఇద్దరు గార్డులు మా ఎదుటే బోల్టులు విప్పారు. అందులో ఒకడు బావ మొహం చూడలేక తల దించుకునే పని చేశాడు. అన్నీ మా ముందు కుప్పపోశాక, బావ ఫారెస్టరుకు మళ్లీ దండం పెట్టాడు. "శానా మేలు చేసినారు సార్" అన్నాడు. నేను చక్రాలు భుజాన వేసుకుని ముందు నడిచాను. ఆయన కంటె వేగంగా నడవడం నాకు కష్టం కాలేదు.

బావకు ఇప్పుడు నాలుగు చక్రాలు ఉన్నాయి. కూర్చోదగ్గ ఫ్రేము ఒక్కటీ లేదు. మరో వెదురు ఫ్రేము చేయిద్దామంటే, గురవయ్య తన గుడిసె గడప దిగలేదు. "నా బుట్టల వెదురుకు పర్మిట్ రాసిచ్చేది ఆయనే గదప్పా" అన్నాడు. సాయంత్రం అక్క ఒక గొంగడిని నాలుగు మడతలు పెట్టి పైపు సైకిలు సీటుకు కట్టింది. బావ ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. బాగానే ఉండాది అన్నాడు. దిగడానికి ముందు కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

మూడోరోజు పొద్దున ఏడింటి బస్సుకు బయలుదేరాను. బావ నడుముకు తైలం తేవాలని అక్క కూడా మార్కాపురం దాకా వచ్చింది. ముందు సీట్లే దొరికాయి. చడవు దగ్గర తోశాం, మళ్లీ ఎక్కాం. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే, ఉక్కు మంచిదే, వెదురు అంతకంటె మంచిది, రెండిటికంటె మెత్తగా ఉండేది కుర్చీలో కూర్చున్నవాడి మాట అని చెబుతాను.

దారి పొడుగునా అక్కతో నేను అదే మాట్లాడాను. కర్నూలు పెద్ద ఆఫీసుకు అర్జీ పెడతానన్నాను. పేపరుకు రాస్తానన్నాను. ఆ ఫారెస్టరు పేరూ, ఈలా, సాంబారూ దేన్నీ వదలనన్నాను. బావ ఆ మనిషికి రెండుసార్లు దండం పెట్టడం చూసి సిగ్గుతో చచ్చిపోయానని కూడా అన్నాను.

అక్క ఒళ్లోని ఖాళీ తైలం సీసా సర్దుకుంది.

"నువ్వు నంద్యాలకు పోయి ఎన్నైనా రాస్తావులేరా. మీ బావ రేపు పొద్దున ఆ గేటు దాటాల."