బోర్లా కోసిన కార్డు

ఆయన కార్డును బోర్లా పెట్టి కోశాడు. పాస్‌పోర్టు ఫోటోలు కోసే కట్టర్ అది. పిడి ఎత్తి దించితే కరుక్కుమని ఒక్క చప్పుడు, అంతే. దుబాయ్‌లో డేరా అనే పేటలో ఆయన ఫోటో స్టూడియో, మధ్యాహ్నపు విరామం, షట్టర్ సగం దించి ఉంది. ఒక కార్డు రెండు ముక్కలైంది. పెద్ద ముక్కను ఆయన వేలితో నా వైపు తోశాడు.

“నీకు ఇద్దరు, నాకు ఒక్కడు. లాభం నీదే కదా తమ్ముడూ,” అన్నాడు.

తర్వాత తన ముక్కను వెల్లకిలా తిప్పి, అందులోని ముఖం చూసి, కుర్రాడు మంచి కళగా ఉన్నాడని మెచ్చుకున్నాడు. ఆ ముఖం ఆయన అనుకున్నవాడిది కాదు. ఆ సంగతి కత్తి దిగకముందే నాకు తెలుసు. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి.

హైదరాబాదులో కొన్నేళ్ళు పత్రికలో పనిచేసి, డెబ్భైల చివర్లో నేను దుబాయ్ వెళ్ళాను. ఒక ఇంగ్లీషు దినపత్రికలో స్పోర్ట్స్ డెస్క్ ఉద్యోగం. మా పాఠకులకు ఫుట్‌బాల్ కావాలి, క్రికెట్ కావాలి, చలికాలంలో ఒంటె పందాలు కావాలి. టెలిప్రింటర్ మాత్రం అమెరికా బేస్‌బాల్‌ను గజాల కొద్దీ కక్కేది. అదంతా నేరుగా చెత్తబుట్టలోకి పోయేది. టీ తాగుతూ ఆ బుట్టలోంచి తీసి చదవడం నాకు అలవాటైంది. మొదట్లో రాని భాషను చదివినట్టే ఉండేది. కర్ర, బంతి, పరుగు మనకు తెలిసినవే. లెక్క తెలియడానికి ఒక ఏడాది పట్టింది.

పేరు మోసిన ఆటగాళ్ళ మీద నాకు ఆసక్తి ఉండేది కాదు. వాళ్ళను ఎవరో ఎప్పుడో కనిపెట్టేశారు. నాకు కావలసింది కొత్తవాళ్ళు. అప్పుడే మొదటి సీజన్ ఆడుతున్న రూకీలు, ఇంకా పెద్ద జట్టు గడప తొక్కని కుర్రాళ్ళు. వాళ్ళ గురించి వార్త చివర్లో ఒక్క వాక్యం వచ్చేది. దాన్ని పట్టుకుని, వీడు నిలబడతాడు, వీడు నిలబడడు అని నాలో నేనే పందెం కాసేవాణ్ణి. ఆరు నెలల తర్వాత అదే పేరు వార్త మొదటి వాక్యంలోకి వస్తే ఆ రోజంతా నడక వేరుగా ఉండేది.

కార్డులు దుబాయ్‌లోనే సత్వా అనే పేటలో దొరికాయి. చమురు కంపెనీల అమెరికన్ కుటుంబాలు దేశం వదిలి వెళ్ళేటప్పుడు ఇంట్లో సామాను అక్కడి పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేసేవి. పిల్లల బొమ్మల అట్టపెట్టెల అడుగున ఈ కార్డులు ఉండేవి. చూయింగ్ గమ్ ప్యాకెట్లతో పాటు వచ్చేవి. ముందు ఆటగాడి ఫోటో, వెనక అతని అంకెలు. ఇక్కడి ఎండకు గమ్ కరిగి కొన్నిటికి గులాబీ రంగు మరక పట్టేది. పెద్ద పేర్లు వదిలేసి ముక్కూముఖం తెలియని కుర్రాళ్ళను ఏరుకుంటుంటే కొట్టతను నన్ను పిచ్చివాడి కింద జమకట్టాడు.

స్టూడియో ఆయనది పాలకొల్లు దగ్గర. నాకంటే పదేళ్ళు పెద్ద, దుబాయ్‌కి నాకంటే ముందు వచ్చినవాడు. వీసా ఫోటోకు వెళ్ళినప్పుడు పరిచయమయ్యాడు. ప్రతి ఫోటో వెనకా బాల్‌పెన్నుతో మనిషి పేరు రాసిగానీ కవర్లో పెట్టేవాడు కాదు. “వెనకాల పేరు లేని ఫోటో, కఫీల్ లేని మనిషి ఒకటేనయ్యా. ఇద్దర్నీ పోలీసోడే వెతుక్కోవాలి,” అనేవాడు. కఫీల్ అంటే మన వీసాకు పూచీ ఉండే అక్కడి యజమాని. నా చొక్కా జేబులో కార్డు చూసి ఇదేమిటని అడిగాడు. ఆ ఊళ్ళో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. చెప్పాను. శుక్రవారాలు చేపల పులుసు పెట్టి మరీ చెప్పించుకున్నాడు. ఆయనా కార్డులు పోగేయడం మొదలుపెట్టాడు. నాకు సంతోషమే అయింది.

ఆయన దగ్గర ఫిల్ములు కడిగించుకోవడానికి ఒక అమెరికన్ ఇంజనీరు వచ్చేవాడు. సముద్రంలో చమురు బావి మీద పని, మనిషికి బేస్‌బాల్ పిచ్చి. ఒకరోజు నేను లోపల డార్క్‌రూమ్ తెర వెనక టీ గ్లాసు కడుగుతున్నాను. బయట స్టూడియో ఆయన ఇంజనీరుకు ఒక కుర్రాడి గురించి చెబుతున్నాడు. వాడు కొట్టిన బంతులు కాదు, వదిలేసిన బంతులు చూడాలి, చెడ్డ బంతికి కర్ర ఊపడు, అందుకే నిలబడతాడు అంటున్నాడు. ప్రతి మాటా నాదే. కిందటి శుక్రవారం పులుసు ముందు కూర్చుని నేను చెప్పింది. ఎలా కనిపెట్టావని ఇంజనీరు ఆశ్చర్యపోతే, ఇన్నేళ్ళుగా ముఖాలు చూస్తున్నాను, నా కంటికి తెలిసిపోతుంది అన్నాడు. నేను తెర తీసుకుని బయటికి వచ్చాను. ఆయన తడబడలేదు. మా కుర్రాడు, పేపర్ ఆఫీసులో పని, నాకు కాగితాలు తెచ్చిపెడతాడు అని నన్ను పరిచయం చేశాడు. ఇంజనీరు నా వైపు ఒకసారి తల ఊపి మళ్ళీ ఆయనతో మాటల్లో పడ్డాడు.

అతను వెళ్ళాక, అది నా మాట కదా అని అడిగాను. “మాటకి కూడా కఫీల్ ఉంటాడేంటి తమ్ముడూ? నువ్వు మాత్రం చెత్తబుట్టలోంచి ఎత్తుకొచ్చిందే కదా,” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. పత్రికలో పనిచేసినవాడికి ఒక విద్య వస్తుంది. వార్త చేతిలో ఉన్నా, అచ్చు వేయాల్సిన పూట వచ్చేదాకా ఊరుకోవడం.

ఆ చలికాలం సత్వా కొట్టులో ఒక అట్టపెట్టెను ఇద్దరం కలిసి తీసుకున్నాం. స్టూడియోకి తెచ్చి విప్పితే అందులో ఆ కార్డు ఉంది. ఒకే కార్డు మీద ఒకే జట్టు కుర్రాళ్ళు ముగ్గురు, పక్కపక్కన మూడు ఫోటోలు. కింద జట్టు పేరు, రాబోయే తారలు అన్న మాట. ఎవరి పేరు ఏదో ముందువైపు లేదు. వెనక మూడు గడులు, గడికొక పేరు, వాటి కింద అంకెలు. ఎడమవైపు ముఖం, నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించే ముఖం, చెడ్డ బంతికి కర్ర ఊపడని నేను చెప్పిన మా కుర్రాడిది. వార్తల్లో వచ్చిన ఫోటోలో ఆ పళ్ళ సందు నేను చూసి ఉన్నాను. ఆయన చూడలేదు.

నాకు ఆ కార్డు కావాలి. ఆ కుర్రాణ్ణి ముందు గుర్తుపట్టింది నేనే అనడానికి నా దగ్గర అంతకంటే ఏమీ లేదు. మిగతా పెట్టె అంతా మీరే ఉంచుకోండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇంజనీరుకు చూపించాలి కదా మరి. చివరికి పంచుకుందాం అంటూ కార్డును కట్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

“అన్నా, గట్ల కోస్తే కార్డు సచ్చిపోతది,” అన్నాను.

“మూడు ఫోటోలు ఒక్క షీటు మీదున్నాయి, విడదీస్తే తప్పేంటి? రోజూ చేసే పనే.”

కార్డును బోర్లా పెట్టి, వెనక ఉన్న పేర్లు పైకి చదివాడు. మా కుర్రాడి పేరు ఎడమ గడిలో ఉంది. ఇడుగో మనోడు అని ఆ గడి అంచుకు కత్తి ఆనించాడు. నాకు అప్పుడు అర్థమైంది. కాగితాన్ని తిప్పితే ఎడమ కుడి అవుతుంది. వెనక ఎడమ గడికి ముందువైపు ఉండేది కుడివైపు ముఖం. అది మూడోవాడిది, మీసాలవాడిది. కానీ ఏళ్ళ తరబడి ముఖం వెనక ఆ ముఖం పేరే రాస్తూ వచ్చిన చేయి ఆయనది. పేరు ఇక్కడుంటే మనిషీ ఇక్కడే ఉంటాడు. కోయవద్దని ఒకసారి చెప్పాను. అక్కడ కోయవద్దని చెప్పడం నా పని కాదనుకున్నాను.

మరుసటి వారానికి ఆ మీసాల ముఖం ఫ్రేములోకి ఎక్కింది. షోకేసులో పెళ్ళికూతుళ్ళ ఫోటోల నడుమ పెట్టి, కింద మా కుర్రాడి పేరు టైపు చేయించి అంటించాడు. సీజన్ మొదలైంది. నేను ఎప్పటిలాగే వెళ్ళి టీ తాగేవాణ్ణి. టెలిప్రింటర్లో ఆ పేరు పైకి పైకి పాకుతూ వచ్చింది. ప్రతి మంచి కబురూ నేనే మోసుకెళ్ళి చెప్పాను. ఫ్రేము ఇంకొంచెం ముందుకు జరిగేది. ఆ ఏటి కొత్తవాళ్ళందరిలో మేటి అని అతణ్ణి ఎంచినప్పుడు టెలిప్రింటర్ కాగితాన్ని చింపి తీసుకెళ్ళి ఇచ్చాను. ఫ్రేము పక్కనే అంటించమని సలహా కూడా నాదే. నా మనసు అంత నిబ్బరంగా ఎప్పుడూ లేదు.

ఇంజనీరు నెలల తరబడి బావి మీదే ఉండి, స్టూడియో వైపు రాలేదు. స్కోర్లు కావాలంటే ఒడ్డుకు వచ్చినప్పుడు మా డెస్క్‌కే ఫోన్ చేసేవాడు, మేము అచ్చు వేయం కనుక. ఆ గొంతు నాకు తెలుసు. నేనెవరో అతనికి తెలియదు. స్కోరు చెప్పి, మీరు స్కోరు అడిగే ఆ కుర్రాడి ఫోటో డేరాలో ఒక స్టూడియో షోకేసులో ఉందట, శుక్రవారం సాయంత్రం వెళ్ళి చూడండి అన్నాను. శుక్రవారం సాయంత్రమంటే కూలీల క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళతో స్టూడియో కిక్కిరిసి ఉంటుంది. నేను ముందే వెళ్ళి బెంచీ మీద చోటు చూసుకున్నాను.

ఇంజనీరు వచ్చి ఫ్రేము ముందు నిలబడి, ఇతనెవరని అడిగాడు. స్టూడియో ఆయన పేరు చెప్పాడు. ఏడాది ముందే తన కంటికి ఎలా తెలిసిందో చెప్పాడు. ఇంజనీరు కౌంటర్ మీద చరిచి మరీ నవ్వాడు. ఈ మీసాలవాణ్ణి నాలుగు ఆటలు ఆడించి ఇంటికి పంపేశారు, అసలువాడికి పళ్ళ మధ్య ఇంత సందు అని వేలితో చూపించాడు. ఆయన ఫ్రేము విప్పి ముక్కను తిప్పి, పేరు మీద వేలు పెట్టాడు. ఇంజనీరు తన అరచేయి చూపించి, తిప్పి, వెనకవైపు చూపించాడు. బొటనవేలు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది. అప్పటికి ఆయనకు అందింది.

వరసలో జగిత్యాల వైపు తాపీమేస్త్రీ ఒకడు ఉన్నాడు. అతను తన కవరు విప్పాడు.

“సేట్, నా ఫోటో ఎనక నా పేరే ఉన్నదా, ఇంకోనిదా? మా కంపెనీ ముదీర్‌కు ఇయ్యాలె, జర చూసి చెప్పు.”

స్టూడియో అంతా గొల్లుమంది. ఆ తర్వాత చాలా రోజులు, అక్కడ ఫోటో తీసుకున్న ప్రతివాడూ ముందు వెనక్కి తిప్పి చూసుకునేవాడని విన్నాను.

అందరూ వెళ్ళాక ఆయన షట్టర్ దించి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం కట్టర్ వైపే చూస్తున్నాం.

“మొహం నీ దగ్గరుంది. పేరు నా దగ్గరుంది,” అన్నాడు. “రెండూ పెట్టి అతికిద్దాం తమ్ముడూ. ఎవరిక్కావాలంటే వాళ్ళుంచుకుందాం.”

“పేరెందుకన్నా? మీ కంటికి ముఖం చూస్తేనే తెలుస్తది గద.”

“అంటే ఇవ్వవా?”

“ఖలాస్,” అన్నాను.

మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోలేదు. అప్పుడు జాలి పడలేదు, ఇప్పుడూ పడను. కొన్నేళ్ళకు ఆయన స్టూడియో ఎత్తేసి షార్జా వెళ్ళాడని తెలిసింది. ఆ చోట గడియారాల కొట్టు వచ్చింది. నా ముక్క నాతోనే ఉంది. అందులో పళ్ళ సందు కుర్రాడు నవ్వుతుంటాడు. తిప్పితే అతని వెనక మీసాలవాడి పేరు ఉంటుంది. పేరున్న ముక్కను ఆయన ఉంచుకున్నాడో, పారేశాడో నాకు తెలియదు. కత్తి దిగేటప్పుడు నాకు తెలుసా అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.