విత్తనానికొక రామనామం

నా చిన్నప్పుడు మా ఊళ్లో నా అంత భక్తురాలు ఇంకొకరు లేరని నాకు గట్టి నమ్మకం. అప్పటికి తొమ్మిదేళ్లదాన్ని. రాముల గుడిలో భజన చేయించే పెద్దాయన పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చి, రామనామం రాసి నింపమన్నాడు. ఎక్కువ రాసినవాళ్లు శనివారం భజనలో హారతి పళ్లెం పట్టుకోవచ్చు. ఇక నాకు తిండి మీద ధ్యాస లేదు. ఎదురింటి పిల్ల ఎన్ని పేజీలు రాసిందో కిటికీలోంచి తొంగి చూసి వచ్చి మరీ రాసేదాన్ని. రాముడి మీద ప్రేమ ఎంతుండేదో చెప్పలేనుగానీ, ఆ పళ్లెం మీద మాత్రం ప్రాణమంతా ఉండేది.

ఆ వారమే వాన పడింది. రెండేళ్లు ముఖం చాటేసిన వాన. మా ఎర్రనేలల్లో ఆ పదును మూడు రోజులుంటే ఎక్కువ. తడి ఆరేలోగా విత్తనం పడకపోతే ఆ ఏడు పోయినట్టే. అందుకని ఊరు ఊరంతా వాకిళ్లలో కూర్చుని విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తోంది. వాటిని మేం బుడ్డలంటాం.

మా పక్కింటి పెద్దమ్మ ఒంటరి మనిషి. ఎకరన్నర చేను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఆ పొద్దున బుడ్డల మూటలో చేయి పెట్టగానే తేలు కుట్టింది. కుడిచేతి బొటనవేలు వాచి వంకాయలా అయింది. బొటనవేలు ఆడకపోతే బుడ్డ ఒలవడం ఎవరివల్లా కాదు. కూలికి పిలుద్దామంటే ఎవరి మూటలు వాళ్లకున్నాయి. చివరికి మా గడప దగ్గరికొచ్చి నన్నడిగింది.

"పాపా, రోంతసేపు వచ్చి ఒలిచిపెడ్తావా? నా చేయి సూడు, ఎట్లయిందో."

నేను తలెత్తకుండానే, "దేవుని పని చేస్తాండా పెద్దమ్మా, మధ్యలో లేయకూడదు" అన్నాను. ఆమె వాచిన చేయి పట్టుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. అప్పుడు మాత్రం ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను.

అరుగు మీద బుడ్డలు ఒలుస్తున్న మా తాత అంతా విన్నాడు. తిట్టలేదు. మెల్లగా వచ్చి నా నోటుబుక్కు తిరగేసి పెదవి విరిచాడు.

"ఇట్ల రాస్తే శనివారానికి యాడయితాదే? నోటితో అంటే బిరబిరా అయిపోతాది. ఒగ బుడ్డ ఒలువు, విత్తనానికొగసారి రామా అను. విత్తనాలెన్నో నామాలన్ని. గట్టిగా అనాల, స్వామికి ఇనపడాల గదా. పెద్దమ్మ ఇంట్లో మూటలు మూటలు ఉండాయి."

ఇంత సులువు ఉపాయం ఎదురింటి పిల్లకు తెలియకూడదని దొంగలా పెద్దమ్మ వాకిట్లోకి పోయాను. కానీ గట్టిగా అనాలి కదా. రెండు దోసిళ్లు ఒలిచేసరికి నా గొంతు విని ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. దాని వెనక దాని తమ్ముడు, వాడి వెనక వీధి వీధంతా. మధ్యాహ్నానికి పదకొండు మందిమి. రామా రామా అని అరుస్తుంటే కోళ్లు కూడా ఆ వాకిట్లోకి రావడం మానేశాయి. ఎవరి నోరైనా ఆగితే చాలు, పెద్దమ్మ ఎడమచేత్తో చేట కదిలిస్తూ వాళ్లకేసి చూసేది. ఎందుకలా చూసేదో మాకు తెలియలేదు.

మర్నాడు పొద్దు వాలేలోగా మూటలన్నీ ఖాళీ అయ్యాయి. పెద్దమ్మ ఎడమచేత్తో నా తల నిమిరి, "నువ్వు రాకుంటే నా చేను ఈయేడు గూడ బీడు పడేది తల్లీ" అంది. ఆమె కళ్లలో నీళ్లు. నేనొచ్చింది పళ్లెం కోసమని చెప్పకుండా, తల వంచుకుని పొట్టు ఊడ్చడం మొదలుపెట్టాను. మూడోరోజు తెల్లవారగానే మా తాత తన ఎద్దులకు గొర్రు కట్టి ఆమె చేను విత్తాడు. పదును ఆరకముందే చివరి సాలు పడింది.

అంతా బాగానే ఉందిగానీ, విత్తనాలన్నీ ఒకే కుప్పలో కలిసిపోయాయి. ఎవరివి ఎన్నో ఎవరికి తెలుసు? నోటుబుక్కుల్లో పేజీలే లెక్కపెట్టడంతో శనివారం పళ్లెం ఎదురింటి పిల్లకే పోయింది. నా నామాలన్నీ మట్టిలో కలిశాయని తాత దగ్గర ఏడ్చాను. పది దినాలు తాళమన్నాడు.

పది దినాల తర్వాత నన్ను పెద్దమ్మ చేని గట్టుకు తీసుకుపోయాడు. సాలు వెంట సాలు పచ్చగా మొలకలు.

"లెక్కబెట్టుకో పో. నువ్వన్నవన్నీ ఈడనే ఉండాయి. స్వామి ఒగటి గూడ పోగొట్టలేదు" అన్నాడు. తర్వాత ఒక సాలులో మొలవని చోటు చూపించి, "ఈడ మాత్రం ఎవరో రామా అనకుండా నమిలినట్టుండారే" అని నవ్వాడు.

గట్టిగా ఎందుకు అనమన్నాడో అప్పుడు తెలిసింది. రామా అంటున్న నోటితో విత్తనం నమలడం కుదరదు. పెద్దమ్మ చూడనప్పుడు నేను నమిలింది ఒక్క గుప్పెడే, అయినా ఆ ఖాళీ నాదేననిపించి నేల చూస్తూ నిలబడ్డాను.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, సగం తెల్లగానే. దాన్ని నింపాలని మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు. మొన్న పొద్దున దీపం పెట్టి కూర్చున్నానో లేదో, పక్కింటి అమ్మాయి ట్యాంకరొచ్చిందని, నీళ్లు పట్టుకొచ్చేదాకా పిల్లవాణ్ణి చూడమని పిలిచింది. లేచి పోయాను. వాడు నా ఒళ్లో నిద్రపోతుంటే మా కోడలు గోడ అవతలి నుంచి కేకేసింది, పూజ సగంలో వదిలేసి ఏం చేస్తున్నావత్తా అని.

"దేవుని పని చేస్తాండా" అన్నాను. "మధ్యలో లేయకూడదు."