బ్రేకక్క పక్క సీటు

ఆమె దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్ళంతా ఆమెను బ్రేకక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. డ్రైవింగ్ స్కూలు కారులో, నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకూ, ఒక క్లచ్చూ ఉంటాయి. నేర్చుకునే మనిషి తడబడితే పక్కనున్నవాళ్ళు తొక్కి బండిని ఆపుతారు. ఆ తొక్కడంలో ఆమెది మెరుపు కాలు. పిల్లి అడ్డొచ్చినా, సైకిలు అడ్డొచ్చినా, సందు మలుపులో లారీ ముఖం కనబడినా, స్టీరింగ్ ముందున్న మనిషి "అమ్మో" అనేలోపు బండి ఆగిపోయి ఉండేది. ఇన్నేళ్ళలో ఆ కారుకి ఒక్క గీత పడలేదు. "మా ఆవిడది చెయ్యి కాదండీ, కాలు మంచిది" అని ఆమె భర్త చుట్టాల దగ్గర గొప్పలు పోయేవాడు. ఆయనకి టైర్ల కొట్టు ఉంది. బండి గురించి ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాడు. ఆమె పైకి విసుక్కున్నట్టు కనిపించినా లోపల పొంగిపోయేది.

నిజానికి ఆమె ఆ స్కూల్లో చేరింది ఫోన్లు ఎత్తడానికి. ఫోన్ చేసిన ఆడవాళ్ళలో చాలామంది "నేర్పడానికి ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతుంటే, యజమాని ఒకరోజు ఆమె బల్ల ముందు నిలబడి, "నీకు నడపడం వచ్చుగా? వాళ్ళకీ నేర్పెయ్" అన్నాడు. ఆమెకు ఎలా నేర్పాలో ఎవరూ నేర్పలేదు. నడపడం వస్తే నేర్పడం వచ్చినట్టేనని యజమాని అనుకున్నాడు. ఆమె కూడా అలాగే అనుకుంది.

వాన పడుతున్న ఒక సాయంత్రం బస్టాపులో, పాత శిష్యురాలొకామె తడిసిన గొడుగుతో నిలబడి కనిపించింది. బ్యాంకులో ఉద్యోగం, సొంత కారు. మొదటిసారికే టెస్టు పాసైన మనిషి. బ్రేకక్క కారాపి అద్దం దించింది.

"ఏంటమ్మా, మీ కారేది? అమ్మేశారా?"

"లేదక్కా. ఇంట్లోనే ఉంది."

"మరి బస్సెందుకు?"

ఆమె కాసేపు నసిగి, "మీరు పక్కన లేకపోతే నాకు చెయ్యాడదక్కా" అంది.

బ్రేకక్క నవ్వేసి ఆమెను ఎక్కించుకుని ఇంటిదగ్గర దింపింది. కానీ ఆ మాట మటుకు కారు దిగలేదు. మర్నాడు క్లాసుకీ క్లాసుకీ మధ్య, ఫోన్లో నంబర్లున్న పాత శిష్యురాళ్ళందరినీ పలకరించడం మొదలుపెట్టింది. ఒకామె కారు మీద గుడ్డ కప్పి పెట్టిందట. ఇంకొకామె కారుని తమ్ముడికి ఇచ్చేసిందట. ఒకామైతే, "లైసెన్సు పర్సులోనే ఉందక్కా, ఫొటో బాగా వచ్చింది" అంది. సగానికి పైగా మనుషులు స్టీరింగ్ ముట్టుకోవడమే మానేశారు.

ఆ ఆదివారం భర్త అక్క వచ్చింది. ఆవిడ టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో లెక్చరరు. నోరు కాస్త కరుకు, మనసు మెత్తన. బ్రేకక్క ఆవిడ ముందు తన గోడంతా వెళ్ళబోసుకుంది.

"ఇంతమందికి నేర్పాననుకున్నాను వదినా. ఎవరికీ ఏమీ రాలేదు. రేపట్నుంచి మళ్ళీ ఫోన్లే ఎత్తుకుంటాను."

"ఏడుపు తర్వాత. ముందు ఒక సంగతి చెప్పు. వాళ్ళెందుకు నడపట్లేదు?"

"భయం."

"భయమెందుకు?"

"ఏమో వదినా."

"అది తెలుసుకో. మా కాలేజీలో దీన్ని చర్యా పరిశోధన అంటాం. పేరు చూసి హడలిపోకు. ఎవరో పెద్దాయన వచ్చి నీ మీద చేసే పరిశోధన కాదిది. నీ పనిలో నీకు ఇబ్బందిగా ఉన్న చోటు నువ్వే పట్టుకోవాలి. ఒక్క మార్పు చేసి చూడాలి. ఏం జరిగిందో కళ్ళు తెరుచుకుని గమనించాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో ఆలోచించి, మళ్ళీ ఇంకో మార్పు. అంతే."

"రాసుకోవాలా? నావల్ల కాదు."

"రాయకపోతే ఫోన్లో చెప్పుకో. క్లాసు అవగానే, బుర్రలో వేడిగా ఉన్నప్పుడే."

అలా మొదలైంది. ప్రతి క్లాసు తర్వాత చెట్టునీడలో కారాపి ఫోను నోటిదగ్గర పెట్టుకుని మాట్లాడుకోవడం చూసి, ఎదురు కొట్టువాళ్ళు ఆమె ఎవరితోనో పోట్లాడుతోందనుకున్నారు.

సాధన చాలక భయపడుతున్నారన్నది ఆమె మొదటి ఊహ. అందుకని ఒక్కొక్కరికీ అదనంగా కొన్ని క్లాసులు పెట్టింది. వాళ్ళు సంతోషంగా వచ్చారు, బాగా నడిపారు, లైసెన్సు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక మళ్ళీ బస్సెక్కారు.

"నువ్వు వాళ్ళని చూస్తున్నావు సరే. నిన్నెవరు చూస్తున్నారు?" అని అడిగింది వదినగారు. అడగడమే కాదు, సెలవు పెట్టి మరీ వచ్చి వెనక సీటులో కూర్చుంది.

ఆ రోజు నడుపుతున్నది మందుల షాపావిడ. నలభై దాటిన మనిషి. చీటీ మీద డాక్టర్ల రాత ఎంత గజిబిజిగా ఉన్నా చటుక్కున చదివేస్తుంది కానీ, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు చెమటలు పడతాయి. క్లాసయ్యాక ఆవిడ దిగి వెళ్ళింది. వదినగారు గొంతు సవరించుకుంది.

"బండి ఆవిడ నడపలేదు. నువ్వు నడిపావు."

"నేనా? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను!"

"చేతులు కాదు, కాలు. నీ పాదం ఒక్క క్షణం ఊరుకోలేదు."

"అవసరమైతేనే తొక్కుతాను వదినా!" బ్రేకక్క ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళ పేరు మీదే వేలు పెట్టినట్టయింది ఆమెకు. వదినగారు వాదించకుండా దిగి వెళ్ళిపోయింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె మెకానిక్ బాబాయి షెడ్డుకి వెళ్ళింది.

"బాబాయ్, నా వైపు పెడళ్ళు తొక్కినప్పుడల్లా మోగేలా ఒక బెల్లు పెట్టగలవా?"

"ఎందుకమ్మా, దొంగని పట్టుకోవడానికా?"

"అవును. దొంగ నేనేనేమో చూద్దామని."

ఆయన ఆమెకేసి వింతగా చూసి, వైరు కలిపి, సీటు కింద చిన్న బెల్లు బిగించాడు.

మొదటి క్లాసులోనే తేలిపోయింది. గేరు మారుస్తుంటే మోగింది. మలుపులో మోగింది. ఎదురుగా ఏమీ లేని ఖాళీ రోడ్డు మీద కూడా మోగింది. మందుల షాపావిడ బెదిరిపోయి, "బండిలో ఏదో పాడైందక్కా!" అంది. బ్రేకక్క వంగి తన పాదం కేసి చూసుకుంది. పాడైంది బండి కాదు. తాను నొక్కుతున్నట్టు తనకే తెలియకుండా అన్నేళ్ళూ తన పాదం బండిని లాక్కొస్తూ ఉంది. శిష్యురాళ్ళు స్టీరింగ్ తిప్పారు, అంతే. టెస్టు రోజునా స్కూలు కారే, పక్కన తనే. ఆపడమూ, నెమ్మదించడమూ వాళ్ళ కాళ్ళు ఎన్నడూ నేర్చుకోలేదు. ఆ సంగతి వాళ్ళ బుర్రలకు తెలియకపోయినా వాళ్ళ కాళ్ళకు తెలుసు. భయపడక ఏం చేస్తారు!

ఆ సాయంత్రం ఫోన్లో చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఒక్క వాక్యమే మిగిలింది. "నాకు పేరు తెచ్చింది ఏదో, వాళ్ళని ఆపింది కూడా అదే."

ఆమెది తెగింపు స్వభావం. మర్నాడే రెండు కాళ్ళూ సీటు కిందకి ముడుచుకుని కూర్చుంది. మందుల షాపావిడకు ఆ సంగతి చెప్పలేదు. మార్కెట్ చౌరస్తా దగ్గర ఒక ముసలాయన రోడ్డు దాటుతుంటే ఆవిడ స్టీరింగ్ తిప్పింది కానీ బ్రేకు తొక్కలేదు. ఎప్పట్లాగే అదే ఆగుతుందనుకుంది. బండి వెళ్ళి మున్సిపాలిటీ చెత్తడబ్బాని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెత్తంతా రోడ్డు మీదకొచ్చింది, బంపరు సొట్టపోయింది. ఆవిడ బావురుమని, కారు తలుపు తీసిపెట్టే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

స్కూలు యజమాని సొట్ట చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇంట్లో భర్త భోంచేస్తూ సొట్ట సంగతంతా విన్నాడు. ఆఖరికి మెల్లగా, "పోనీ ఆ బెల్లు పీకించెయ్యరాదూ?" అన్నాడు.

"బెల్లు తప్పేం లేదు. ఎక్కడ తప్పానో తెలియాలి" అంది ఆమె. ఇదివరకైతే ఆ సొట్టకి వారం రోజులు కుమిలిపోయేది. ఇప్పుడు మాత్రం అది కూడా ఏదో చెబుతోందనిపించింది.

చెప్పించుకోవడానికి నేరుగా మందుల షాపుకే వెళ్ళింది. కొనేవాళ్ళ రద్దీ తగ్గేదాకా పక్కన నిలబడి, "నాదే తప్పమ్మా. కానీ ఒక సాయం చెయ్యాలి. ఆ నిమిషంలో మీకేమైందో చెప్పండి" అని అడిగింది.

ఆవిడ మందు డబ్బాలు అటూ ఇటూ సర్దింది. తర్వాత కోపంగానే అంది. "మీ కాలు తీసేస్తున్నట్టు ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా! మీ కాలు ఉందనే ధైర్యం మీద నడిపాను. చెప్పకుండా తీసేస్తే, నిచ్చెన మీద ఉండగా నిచ్చెన లాగేసినట్టుంది నాకు."

"చెప్పి తీస్తే?"

"చెప్పి, కొంచెం కొంచెంగా తీస్తే... చూద్దాం."

బ్రేకక్కకు అప్పుడు ఇంకొకటి తట్టింది. ఇన్నాళ్ళూ శిష్యురాళ్ళ గురించి తనే ఊహిస్తూ వచ్చింది. వాళ్ళనే అడగాలని ఒక్కసారీ అనుకోలేదు.

ఈసారి మార్పు ఇద్దరూ కలిసి చేశారు. బండెక్కగానే మందుల షాపావిడే చెప్పాలి, ఇవాళ ఏ రోడ్డు మీద పక్క కాలు కావాలో, ఎక్కడ అక్కర్లేదో. రెండోది, నడుపుతూ కంటికి కనిపించిందల్లా పైకి చెప్పాలి. "ముందు సైకిలు... తగ్గిస్తున్నా. బడి గేటు... పిల్లలున్నారు, బ్రేకు మీదే ఉన్నా." మొదట్లో ఆవిడ సిగ్గుతో గొణిగింది. నాలుగు రోజులు పోయాక రోడ్డు వార్తలు చదువుతున్నట్టు గడగడా చెప్పేసేది. విచిత్రమేమిటంటే, ఆవిడ చూసిందని చెవిన పడగానే బ్రేకక్క పాదం తనంతట తానే నెమ్మదించేది. పాదం ఊరుకోనిది శిష్యురాలికి చేతకాక కాదు, ఆమె చూసిందో లేదో తనకు తెలియక. బెల్లు మోత రోజురోజుకీ తగ్గింది. ఒకరోజు బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా అసలు మోగలేదు. బండాపి ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "బెల్లు పాడైందేమోనక్కా!" అంది మందుల షాపావిడ. బ్రేకక్క పెడల్ మీద ఒక్క తొక్కు తొక్కింది. బెల్లు ఖంగుమంది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

లైసెన్సు వచ్చాక బ్రేకక్క ఆవిడని ఇదివరకట్లా స్వీటు పెట్టి పంపెయ్యలేదు. కొన్ని క్లాసులు వెనక సీటులో కూర్చుంది. ఆఖరి క్లాసుకి ఆవిడ సొంత కారు తెప్పించి, తను రోడ్డు పక్కన నిలబడి, "పెద్ద రోడ్డు చుట్టి రండి. నేనిక్కడే ఉంటాను" అంది.

కారు మలుపు తిరిగి కనుమరుగైంది. రావలసిన వేళకి రాలేదు. బ్రేకక్క కుడికాలు ఫుట్‌పాత్‌ని తొక్కుతూనే ఉంది. ఫోన్ చేద్దామా అనుకుంది. నడిపే మనిషికి ఫోనేమిటని తనని తనే తిట్టుకుంది. రెండడుగులు ముందుకి, రెండడుగులు వెనక్కి వేస్తుంటే, అనుకున్న వైపునుంచి కాకుండా వెనకనుంచి హారన్ మోగింది.

"పెద్ద రోడ్డు తవ్వేశారక్కా!" అద్దం దించి అరిచింది మందుల షాపావిడ. "వెనక్కి తిప్పి, గోదాముల సందులోంచి వచ్చా. ఇరుకు సందు. ఎదురుగా వ్యాను. నేనే రివర్సు తీసి దారిచ్చా!"

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఆ సందు గురించి బ్రేకక్క ఎన్నడూ నేర్పలేదు. తాను నేర్పనిది కూడా శిష్యురాలు చేసేసింది. ఇన్నేళ్ళుగా గీత పడని కారు ఇవ్వని గర్వం ఆ క్షణం ఆమెకు కలిగింది. కారు చుట్టూ తిరిగి పక్క సీటులో కూర్చుని, "నన్ను ఇంటిదగ్గర దింపండి" అంది.

తర్వాతి శిష్యురాళ్ళందరికీ అదే పద్ధతి. పాతవాళ్ళని కూడా పిలిచి మళ్ళీ కూర్చోబెట్టింది. కొన్నాళ్ళకి ఫోన్లు చేసి కనుక్కుంటే, ఎక్కువమంది నడుపుతున్నారు. ఒకామె మాత్రం, "నడపడం వచ్చక్కా, కానీ ఇష్టం లేదు" అని తేల్చి చెప్పింది. ఇంకొకామెకు ఇంట్లో తాళాలే ఇవ్వరు. ఆ రెండూ తన పాదానికి అందని సంగతులని ఆమె ఒప్పుకుంది. వదినగారికి చెప్పేటప్పుడు వాటిని దాచలేదు.

"ఇదే మా పిల్లలకి కావాల్సింది" అంది వదినగారు. "పుస్తకంలో చదివి విసుగెత్తి ఉన్నారు. వచ్చి చెప్పు."

కాలేజీ హాలు నిండా కాబోయే టీచర్లు. ఆమె మైకు ముందు నిలబడి బస్టాపు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. బెల్లు సంగతి చెప్పేసరికి హాలంతా ఘొల్లున నవ్వింది. చెత్తడబ్బా దగ్గరికొచ్చేసరికి అందరూ ముందుకి వంగి విన్నారు. దేన్నీ అందంగా చెప్పలేదామె. జరిగింది జరిగినట్టు, క్లాసు తర్వాత ఫోన్లో చెప్పుకున్నట్టే చెప్పింది. అయిపోయాక వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"మేడమ్, మొన్న బళ్ళో ప్రాక్టీసు పాఠం చెప్పాను. పిల్లలు చదువుతూ మాట దగ్గర ఆగితే చాలు, నేనే అందించేస్తున్నాను. అది నా పాదమేనంటారా?"

బ్రేకక్క ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"నేనెలా చెప్పనమ్మా? వెనక సీటులో ఒకరిని కూర్చోబెట్టుకుని చూడండి. పిల్లల్ని కూడా అడగండి. ముందు చెప్పి, కొంచెం కొంచెంగా ఆగండి."

చప్పట్లు చాలాసేపు మోగాయి. ముందు వరసలో కూర్చున్న వదినగారు, ఎన్నడూ ఎవరినీ పొగడని మనిషి, పక్కనున్న ప్రిన్సిపాల్ చెయ్యి పట్టి ఊపుతూ, "మా మరదలండీ! మా తమ్ముడి భార్య!" అని అందరికీ వినబడేలా చెబుతోంది.

మర్నాడు క్లాసుకి వెళ్తుంటే, స్కూల్లో మిగతా ఇద్దరు మాస్టార్లూ తమకీ బెల్లు కావాలని తమ కార్లు మెకానిక్ బాబాయి షెడ్డు ముందు వరసగా పెట్టి నిలబడి ఉన్నారు. వాళ్ళకి చెయ్యూపి, బ్రేకక్క తన కారెక్కింది. ఎత్తు రోడ్డు మీద బండి ఆగితే శిష్యురాళ్ళందరూ ఎందుకు ఊపిరి బిగబడతారో ఆమెకింకా అర్థం కాలేదు. ఇవాళ ఆ సంగతి చూడాలి.