నా చేతి ముద్ద

తన కూట్లో అందరూ పురుగుమందు కలుపుతున్నారని మా అప్పకి అనుమానం. బావ వండితే తినదు, కూతురు వడ్డిస్తే తినదు. చెల్లెల్ని కాబట్టి నా మీద మాత్రం నమ్మకం. నేను ముద్ద కలిపి, ముందు ఓ కొస కొరికి, నోట్లో పెడితే తింటుంది. నేను టీచర్ని, బడి ఉన్న రోజు అప్ప వాళ్ల ఊరు పొందూరు వెళ్లడం కుదరదు. ఆ రోజంతా మంచినీళ్లే. మనిషి పుల్లలా అయిపోయింది.

చివరికి నేనూ బావా కలిసి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాం. రానంటే రానంది. రెక్కలు పట్టుకుని ఆటో ఎక్కించాం.

ఒప్పుకోని మనిషిని వార్డులో ఉంచాలంటే ఇద్దరు విడివిడిగా చూడాలట. ముందు డాక్టరమ్మ చూసింది, తర్వాత ఇంకో డాక్టరు. ప్రాణం తీసుకోబోయిందా, ఎవరినైనా కొట్టిందా, తన బాగోగులు తను చూసుకోగలదా అని ఇద్దరూ అవే అడిగారు. పిచ్చి ఎంత ముదిరిందో చూసి తేల్చేస్తారనుకున్నాను. ఆ తీర్పు నా దగ్గరకొచ్చి ఆగుతుందని అనుకోలేదు.

"ఇంట్లో చూసుకునే వీలుంటే బలవంతంగా ఉంచకూడదమ్మా. మీ చేత్తో తింటోంది కదా, పూటపూటా పెట్టగలరా?" అంది డాక్టరమ్మ.

"పెడతానని సెప్పే," అంది అప్ప.

నాకు ఉద్యోగం, ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. బావ తల దించుకుని కూర్చున్నాడు. అతని మీద, అప్ప మీద, ఆ ప్రశ్న మీద ఒళ్లు మండిపోయింది. నా వల్ల కాదన్నాను.

డాక్టరమ్మ నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. "అయితే ఉంచక తప్పదు," అంది. రెండో డాక్టరూ అదే తేల్చాడు. వైద్యం విషయాల్లో తన తరఫు మనిషిగా, బాగున్న రోజుల్లోనే అప్ప నా పేరు రాసిచ్చింది కాబట్టి సంతకం కూడా నేనే పెట్టాను.

అప్ప అరవలేదు. "ఒసే, నువ్వూ కలిపేసినావే," అంది.

మందులు పనిచేశాయి. అప్ప ఇంటికొచ్చేసింది. బావ వండితే తింటోంది, చుట్టాలింటికెళ్తే అక్కడా తింటోంది. నేనెళ్లిన పూట మాత్రం ఆకలి లేదంటుంది. మొన్న ముద్ద కలిపి, కొరికి, నోటి దాకా తీసుకెళ్లాను. మూతి తిప్పేసుకుంది. ఏడుపు ఆగక పెరట్లోకి వెళ్లిపోయాను.

మళ్లీ చూపించడానికి వెళ్తే డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇంకా ఎవరి మీదైనా అనుమానపడుతోందా?" అని అడిగింది.

లేదండీ అన్నాను. నిజం చెబితే మళ్లీ లోపల ఉంచేస్తారేమోనని భయం.