నేల కింద చవుడు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉన్నాయనగా, ఒక ఆగస్టు నెలలో, కర్నూలులోని ఒక ఆసుపత్రిలో శీతలీకరణ విభాగానికి అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. ఆపరేషన్ థియేటర్లలో చలి, గాలిలో తేమ హద్దుల్లో ఉండేలా చూడటం నా పని.

హెడ్ నర్సు లలితమ్మ ఒకరోజు మా విభాగానికి వచ్చి, ఇంటికి డీహ్యూమిడిఫైయర్ ఏది కొనాలో చెప్పమన్నారు. గాలిలోని తేమను లాగి నీళ్ళుగా మార్చే యంత్రం అది.

"సిస్టరమ్మా, మన సీమలో తేమ కోసం కూలర్లు పెట్టుకుంటాండాము. నువ్వు ఉండేదాన్ని కూడా గుంజుతానంటావే!" అని మెకానిక్ మస్తాన్ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "మా ఆయనకు ఆయాసం శానా ఎక్కువైంది మస్తానూ. గోడంతా చెమ్మ, బూజు. ఆ గదిలోనే ఉంటే ఈ వానాకాలం గడవదంటాండాడు డాక్టరు. ఈయనేమో గది వదలడు."

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. భర్త రంగప్ప ఆలూరు దగ్గర సేద్యం చేసి, వయసు మీదపడ్డాక కర్నూలులో కాలువకు దగ్గరగా ఇల్లు కట్టుకున్నారు. మంచం మీద కూర్చొని, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. తేమ కొలిచి పుస్తకంలో రాసుకున్నాను: బయట అరవై శాతం, గదిలో ఎనభై రెండు. తేమ దానివల్లేమోనని గదిలోని కూలరు ఆపించాను. రెండు రోజుల తర్వాత చూసినా అంకె దిగలేదు.

అప్పుడు యంత్రం ఎంపిక చేశాను. వీటిలో రెండు రకాలు. తేమను పీల్చే పదార్థంతో పనిచేసేది చలి ప్రాంతాలకు నయం. మన వేడికి కంప్రెసర్ రకమే సరి. పెట్టె మీద రోజుకు ఇన్ని లీటర్లని ఉండే అంకె బాగా వేడి, బాగా తేమ ఉన్న గదిలో కొలిచింది. మామూలు గదిలో అందులో సగం వస్తే గొప్ప. అందుకని ఒక మెట్టు పెద్దదే కొనిపించాను.

తలుపులు మూసి యంత్రం నడిపించాం. మర్నాటికి నాలుగు లీటర్ల తొట్టి నిండింది. రంగప్ప అందులో వేలు ముంచి చాలాసేపు చూశారు.

"యాడివప్పా ఈ నీళ్ళు? మా ఊర్లో ముప్పై యేండ్లు బోర్లు వేసినాము. గాలిలో ఉండాదని ఒక్కడూ చెప్పకపాయె!"

లలితమ్మ తొట్టి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "పారబోయాకు. అంట్ల బోకులు కడుగు."

ఆయన ఆశ్చర్యం మొదటిరోజుది. నాది అయిదో రోజుది. రోజూ తొట్టి నిండుతూనే ఉంది. ఆ గది గాలినంతా పిండినా ముప్పావు లీటరుకు మించదు. మొదటినుంచీ బయటి గాలే గదికంటే పొడిగా ఉంది కాబట్టి, సందుల్లోంచి వచ్చే గాలి ఈ నీటిని తేలేదు. నేను గోడ కింది అంచున వేలితో గీకాను. తెల్లటి పొడి రాలింది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు.

నేల కింద ఏం పోశారని అడిగాను.

"మా ఊర్లో పాత మిద్దె పడగొట్టినప్పుడు దాని చవుడంతా రెండు ట్రాక్టర్లలో తెప్పించి ఈ గదిలో పోసినా. మా అవ్వ తొక్కిన మన్నప్పా అది! మూడు తరాలు ఒక్క చుక్క దిగనియ్యలేదు."

చవుడు ఉప్పునేల మన్ను. మిద్దె మీద పరిస్తే తడిసి బిగుసుకొని వానను ఆపుతుంది. ఇక్కడ కాలువకు నీళ్ళు వదలగానే భూమిలో ఊట పైకి వస్తోంది. ఆ మన్ను దాన్ని పీల్చి, వదలకుండా గోడలకు ఎక్కిస్తోంది. ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య గడిపాను. ఏ తీగా లేకుండా, ఏ చప్పుడూ లేకుండా రోజుకు నాలుగు లీటర్ల నీటిని మోసేదాన్ని అంతకుముందు చూడలేదు. తవ్వి తీసేయాలని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. విన్నాక రంగప్ప గోడవైపు తిరిగి పడుకున్నారు.

మూడోరోజు ఆయనే ఫోన్ చేశారు. "మా అవ్వ నెత్తిన పెట్టుకున్న మన్ను. నేను తీసుకొచ్చి కాళ్ళ కింద పోసినా. అది ఊరుకుంటాదా? తవ్వించప్పా."

చలికాలంలో నేల తవ్వించి, ఇసుక పోయించి, ప్లాస్టిక్ పట్టా పరిచి, మీద నాపరాళ్ళు వేయించాం. మరుసటి ఆగస్టులో తొట్టి నిండటానికి పది రోజులు పట్టింది. రంగప్ప మాట మధ్యలో ఆగడం తగ్గింది. ఆయన నిరుడు గుండెపోటుతో పోయారు. అప్పటిదాకా ఆ గదిలోనే పడుకున్నారు.

ఇంటికి డీహ్యూమిడిఫైయర్ కొనాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. గదిలో తేమ బయటికంటే ఎక్కువగా ఉంటే, యంత్రం కంటే ముందు ఆ నీళ్ళు వచ్చే దారి వెతకాలి. ఆ రెండు అంకెలూ మొదటిరోజే నా పుస్తకంలో ఉన్నాయి. నేను వాటిని రాసుకున్నాను గానీ చదవలేదు.