మదురైలో పుట్టింటి అన్నం

మా ఆయన పోయాక నేను మదురైకి పోయింది ఊరు చూడడానికి కాదు, నిద్ర చేయడానికి. మాలో అది ఆనవాయితీ. మొగుడు పోయిన ఆడది కర్మలన్నీ అయ్యాక పుట్టింటికి పోయి, ఒక రాత్రి పడుకుని, పుట్టింటి పొయ్యి మీద వండిన అన్నం తిని రావాలి. అంతవరకు చుట్టాల గడప తొక్కకూడదు, నలుగురితో కూర్చుని పని చేయకూడదు.

బోడినాయకనూరులో నాది ఏలక్కాయలు ఏరే పని. పెద్ద కాయ ఒక పక్క, చిన్న కాయ ఒక పక్క, నోరు విచ్చిన కాయ ఇంకో పక్క. కొత్త కాయ దిగి గోడౌను నిండిపోయింది. సోమవారం రాకపోతే నా చోట ఇంకొకరిని కూర్చోబెడతామన్నారు. నా పక్కన కూర్చుని ఏరేది మా ఆడబిడ్డే, ఆయనకు అక్క. ఆమె వాకిట్లో నిలబడి చెప్పేసింది.

"నిద్ర కాకుండా వచ్చి నా పక్కన కూచుంటే నేను లేచి పోతా. నేను లేస్తే అందరూ లేస్తారు. హోటలు కూడు తినొచ్చి పుట్టింట్లో తిన్నానంటే ఒప్పుకోను, తెలిసెనా?"

"సరి వదినా," అన్నాను.

పుట్టిల్లు అమ్ముడుపోయి చాలా కాలమైంది. మిగిలింది ఒక్క అన్న. పెళ్లి చేసుకోలేదు, మదురైలో ఒక లాడ్జికి కాపలా ఉంటాడు. శనివారం పొద్దున ఆరప్పాళయం బస్టాండులో నన్ను దించుకుని లాడ్జి మిద్దె మీద ఉన్న తన గదికి తీసుకుపోయాడు. ఒక చాప, ఒక ట్రంకు పెట్టె, గోడకు దేవుడి పటం. మూలమూలా చూశాను.

"అన్నా, పొయ్యి యాడుండాది?"

"లాడ్జిలో మంట పెట్టకూడదు పాపా. నేను తినేదంతా బయట హోటలు కడల్లోనే."

"మరి నన్నెందుకు రమ్మంటివి?"

"చెల్లెలు వస్తానంటే వద్దంటానా? దా, ముందు ఇడ్లీ తిందాం."

సందు మొదట్లో ఒకామె తోపుడుబండి మీద ఇడ్లీ పెడుతోంది. ఇడ్లీ దూదిలాగా ఉంది, చట్నీ నాలుగు రకాలు. బండి పక్కన నిలబడి తింటూనే గొడవ పడ్డాం. మా జనానికి ఇదొక అలవాటు. వీధిలో అరవం మాట్లాడతాం, చాటుమాటంతా తెలుగు. తెలుగు ఎత్తుకుంటే చుట్టూ తలుపులు మూసుకున్నట్టే అనుకుంటాం.

"పొయ్యి లేనిది పుట్టిల్లు ఎట్లయితాది? వదిన ఒప్పుకోదు. నా పని పోతాది అన్నా."

"పోదు. ఏదో ఒకటి చేస్తా. ఆ ఎర్ర చట్నీ తగ్గించుకో, ఈయమ్మకు ఉప్పు చెయ్యి పెద్దది."

ఆమె మా వైపు చూసి, ఇంకో గరిటె సాంబారు పోసింది.

ఏదో ఒకటి చేయడమంటే అన్న లెక్కలో నన్ను ఊరంతా తిప్పి తినిపించడమే. నాకు అక్షరాలు రావు, బోర్డులు చదవలేను. కడల పేర్లడిగితే చెప్పలేను గాని వాసన పట్టుకుని మళ్లీ పోగలను.

ముందు నాయకర్ మహలు. లోపల స్తంభాలు ఎంత లావంటే నలుగురు చేతులు కలిపినా అందవు. పైన పావురాళ్లు. ఎండకాలంలో పోతే మధ్యాహ్నం పోండి, లోపల చల్లగా ఉంటుంది.

"ఇదిగో నీ పుట్టిల్లు," అన్నాడు అన్న. "మన భాష మాట్లాడే రాజులు కట్టింది."

"ఇందులో పొయ్యి ఉండాదా?"

"ఉండే ఉంటాది. చూపించరు."

నవ్వుతూ సంచిలోంచి నిమ్మకాయ అన్నం పొట్లం తీశాడు. కాపలా ఆయన పరిగెత్తుకొచ్చి లోపల తినకూడదన్నాడు.

"చూడు, మనింట్లో మనకే కూడు లేదు," అని అన్న తెలుగులో గొణిగాడు. బయటికొచ్చి ఎదురు అరుగు మీద తిన్నాం.

తరువాత జిగర్‌తండా. కాచి కాచి ఎర్రబడిన పాలు, నీళ్లలో ఉబ్బిన బాదం బంక, నన్నారి వేళ్ల పానకం, పైన ఐస్‌క్రీం. బంక గొంతులో జారుతుంటే మొదట భయమేసింది, తరువాత గ్లాసు అడుగు దాకా గీకాను.

"ఇది పుట్టింటి లెక్కలో పడుతుందా?" అని అడిగాడు అన్న.

"పడదు."

పూలకడల దగ్గర మల్లెల వాసనకు అన్న నడక పెంచాడు. నేను పెంచలేదు. వాసన చూడడానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు.

సాయంత్రం పత్తిగింజల పాలు తాగాం. బెల్లం, శొంఠి వేసి వేడివేడిగా పోస్తారు, కాళ్ల నొప్పులకు మంచిది. ఆ పైన కరి దోశ. మందంగా పోసిన దోశ మీద గుడ్డు కొట్టి, దాని మీద కొట్టిన మాంసం పరిచి తిరగేస్తారు. ఇద్దరికి ఒకటి చాలు.

"ఇదన్నా పడుతుందా?"

"పడదన్నానుగా."

అన్న ఇంక అడగలేదు. దోశ సగం వదిలేశాడు. ఆ రాత్రి చాప నాకిచ్చి తను బయట మిద్దె మీద పడుకున్నాడు. నిద్ర అయింది, అన్నమే కాలేదు.

మరునాడు మధ్యాహ్నం నా బస్సు. పొద్దున మళ్లీ ఇడ్లీ బండి దగ్గరికే పోయాం. ఆమె గరిటె పట్టుకుని, మంచి తెలుగులో అడిగింది.

"ఏమ్మా, పొయ్యి దొరికెనా?"

అన్న ముఖం మాడిపోయింది.

"మీరు... మనోళ్లా?" అన్నాను.

"కోవిల్‌పట్టి పక్కన పత్తి చేలోళ్లం. నాది ఉప్పు చెయ్యి అంటివి కదన్నా?"

"నిన్ననే పలికి ఉంటే ఏమి పోయె?" అన్నాను నేనే అన్న తరఫున.

"పలికితే మీ గొడవ ఎట్ల వింటాను? పొద్దుపోవద్దా నాకు?" అని నవ్వి, మళ్లీ నవ్వు ఆపింది. "మాలోనూ ఉండాది ఆ నిద్ర. మొగుడు పోయినాక నన్ను పిలిచేదానికి పుట్టింటి నుంచి ఎవరూ రాలేదు. నిద్ర కాకుండానే నేరుగా బండి పెట్టేస్తిని. రద్దీ తగ్గినాక రాండి. పొయ్యి మీ అన్న చేతికిచ్చేస్తా. వండిందాకా అది మీ పుట్టింటిదే. నువ్వు మాత్రం గరిటె ముట్టొద్దు, ముడితే చెడిపోతాది."

అన్న పోయి బియ్యం, పెసరపప్పు కొనుక్కొచ్చాడు. పుట్టి బుద్ధెరిగి వండినవాడు కాదు. ఎసరు ఎంత పెట్టాలని ఆమెను అడిగాడు, ఉప్పు ఎంతని మాత్రం అడగలేదు, నిన్నటి మాటకు సిగ్గుపడి. ఆమె పక్కనే చేతులు కట్టుకుని చూస్తోంది. ఉప్పురాళ్లు లెక్కపెట్టినట్టు వేశాడు. అడుగంటిన వాసన వచ్చేదాకా కలపలేదు.

ఆకులో పెట్టి నా చేతికిచ్చాడు. బండి పక్కన నిలబడి తిన్నాను.

"ఎట్లుండాది?"

"ఉప్పు లేదు."

"ఇంకో చోట తిందువు దా."

"పో అన్నా. ఇదే తింటా."

మాడిన చెక్కతో సహా తిన్నాను.

చీకటి పడకముందే బోడినాయకనూరు చేరాను. ఆడబిడ్డ వాకిట్లోనే ఉంది.

"తింటివా?"

"తింటిని."

"పొయ్యి మీద వండిందేనా?"

"పొయ్యి మీదే. అన్న వండె."

ఎవరి పొయ్యి అని ఆమె అడగలేదు.

"ఎట్లుండె?"

"ఉప్పు లేదు. అడుగంటింది."



"హోటల్లో అట్ల వండితే మూసేసుకోవాల్సిందే," అంది. "సరి, పొద్దున్నే వచ్చేయి."

సోమవారం నా చోటులో నేను కూర్చున్నాను. ఆడబిడ్డ తన ముందున్న కుప్పలో సగం నా వైపు తోసింది. చాలాసేపు ఏరాక, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ జిగర్‌తండా అంటారే, తాగితివా?"

"తాగితిని వదినా. బాగుండె. అది లెక్కలో లేదు."